ఒకే కాయిన్‌తో రైడెన్ పూర్తి చేయాలంటే: మిర్యాలగూడ తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న చాలా పొడవుగా ఉంది కాబట్టి మిగతావాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. నువ్వు మిర్యాలగూడలో ఇంట్లో కంప్యూటర్ మీద, పాత ఆర్కేడ్ మెషీన్ల ఆటలను నడిపే మామ్ అనే ప్రోగ్రాంలో, రైడెన్ అనే విమానం షూటింగ్ గేమ్ ఆడుతున్నావు. లైఫులు అయిపోయినప్పుడల్లా ఇంకో కాయిన్ వేసుకుంటూ పోతే ఆరో స్టేజ్ దాకా చూశావు. ఒకే కాయిన్ అని నియమం పెట్టుకుంటే నాలుగో స్టేజ్ దాటడం లేదు. చచ్చిన ప్రతిసారీ ఆట కొంచెం వెనక్కి పంపుతోంది, చేతిలో పవర్, అంటే గన్ బలం, లేదు, మిగిలిన లైఫులు కూడా అక్కడే వరసగా పోతున్నాయి. "అన్నా, నా చేతికి అంత వేగం లేదేమో. ఏ గన్ తీసుకోవాలి? సేవ్ స్టేట్ వాడితే మోసమా? మళ్లీ మొదటికి వచ్చే ఆటకు క్లియర్ అని ఎక్కడ అనాలి?" అని అడిగావు. సేవ్ స్టేట్ అంటే ఆటను ఏ క్షణంలోనైనా దాచుకుని, మళ్లీ అక్కడి నుంచే ఆడే వీలు.

చేతి వేగం గురించిన అనుమానం ముందు తీసెయ్యి. రైడెన్‌లో మన విమానం నెమ్మది, శత్రువుల బుల్లెట్లు వేగం. బుల్లెట్‌ను చూశాక తప్పించుకునే ఆట అయితే ఇది ఎవరికీ సాధ్యం కాదు. దేవరకొండ రూటు బస్సు డ్రైవరు గుంత కనపడ్డాక బ్రేకు వేయడు, ఆ మలుపు రాకముందే బండిని పక్కకు తీసి ఉంచుతాడు. రైడెన్ పూర్తి చేసినవాళ్లందరూ చేసేది అదే. ఏ ట్యాంకు ఎప్పుడు ఏ పక్క నుంచి వస్తుందో వాళ్లకు తెలుసు, అది తెర మీదికి వచ్చేసరికి విమానం దాని ఎదురుగా ఉంటుంది. ఆట కూడా అందుకు వీలుగానే ఉంది. శత్రువులు ప్రతిసారీ అదే వరసలో, అదే చోట వస్తారు. సైబూ కైహత్సు కంపెనీ ఈ ఆటను 1990లో తెచ్చినప్పుడు మనిషి దగ్గర ఇంకో కాయిన్ రాబట్టాలనే చూసింది, నిజమే. కానీ గుర్తుపెట్టుకునేవాడికి దారి వదిలిపెట్టింది. నేను ఈ ఆటను గౌరవించేది అందుకే.

కాయిన్లు వేసుకుంటూ ఆరో స్టేజ్ చూశానన్నావు కదా, అలా ఆడిన ఆట నీకు నేర్పింది తక్కువ. ఇంకో కాయిన్ ఉందని తెలిసినప్పుడు మెదడు చావును లెక్కలోకి తీసుకోదు, ఎందుకు చచ్చామో అడగదు. నేను పాలమూరులో కుర్రాడిగా ఉన్నప్పుడు బస్టాండ్ వైపు వీడియో గేమ్ షాపులో రూపాయి బిళ్ల వేసి ఆడేవాళ్లం. జేబులో ఇంకో బిళ్ల ఉండేది కాదు, అందుకని ఆడేవాడి వెనక నిలబడి చూడడమే మా చదువు. పెద్ద కుర్రాళ్లు ఏ చోట ఎడమకు పోతున్నారు, ఎక్కడ బాంబు వేస్తున్నారు అని చూసి ఇంటికి పోయేదాకా అదే మాట్లాడుకునేవాళ్లం. ఒకే కాయిన్‌తో ఆట పూర్తి చేయడాన్ని జపాన్‌లో వన్ కాయిన్ క్లియర్ అంటారు, అక్కడి ఆటగాళ్లకు అదే అసలు లెక్క. ఇక్కడ మాకు ఆ పేరు తెలియదు గానీ చేసింది అదే పని.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇది పట్టుబడితే నాలుగో స్టేజ్ దానంతట అదే సగం కరుగుతుంది.

ఈ ఆటలో ట్యాంకులు, తుపాకీ గూళ్లు, చిన్న విమానాలు చాలావరకు నువ్వు ఆ క్షణంలో ఎక్కడున్నావో చూసి అక్కడికి కొడతాయి. ఒకసారి బయలుదేరిన బుల్లెట్ దారి మార్చుకోదు. అంటే అది నీ పాత చోటికి వస్తోంది. నువ్వు ఆ చోటు నుంచి విమానం వెడల్పంత పక్కకు జరిగి ఉంటే చాలు, అది పక్కనుంచి పోతుంది. కొత్తగా ఆడేవాళ్లు ఇక్కడే పరేషాన్ అవుతారు. బుల్లెట్ రాగానే తెర ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తుతారు. అలా పరుగెత్తితే శత్రువులు కూడా ఆ చివరకూ ఈ చివరకూ మధ్యకూ, అన్ని వైపులా కొడతారు. తెర అంతా బుల్లెట్లు చల్లింది శత్రువు కాదు, నువ్వే. అలా కాకుండా ఒక చివర మొదలుపెట్టి చిన్న చిన్న తాకులతో ఒకే దిక్కుకు మెల్లగా జరుగు. బుల్లెట్లన్నీ నీ వెనక ఒక వరసలా పోతాయి, ముందు దారి ఖాళీగా ఉంటుంది.

దీనికి ఒక చిక్కుంది. జరుగుతూ జరుగుతూ ఇంకో మూలకు చేరతావు, అక్కడ ఇరుక్కుంటావు. నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే నీ చావుల్లో ఎక్కువ ఈ మూలలోవే. మూల దాకా ఆగకు. తెరలో మూడింట రెండు వంతులు దాటగానే వెనక్కి తిరగడానికి సమయం చూసుకో. శత్రువులు ఒక విడత కొట్టాక మళ్లీ కొట్టేలోపు కొంచెం ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో కొంచెం పైకి ఎక్కి, ఒక్కసారిగా పెద్ద అడుగు వేసి వెనక్కి రా. అప్పుడు బుల్లెట్ల వరస రెండుగా చీలుతుంది, నువ్వు మధ్య సందులోంచి ఇవతలికి వస్తావు. ఇది పుస్తకంలో చదివితే రాదు, రెండో స్టేజ్‌లో బుల్లెట్లు తక్కువ ఉన్నచోట కావాలని చేసి చేతికి అలవాటు చెయ్యి. ఆ స్టేజ్‌లో శత్రువులను చంపకుండా వదిలేసి, కేవలం తప్పించుకోవడం మీదే కాసేపు ఆడు. నీ కళ్లు ఎక్కడ ఉన్నాయో కూడా అప్పుడు గమనించు. విమానాన్నే చూస్తుంటే ఆలస్యమవుతుంది. చూపు విమానానికి కొంచెం పైన, తెర మధ్యలో ఉండాలి. విమానం ఎక్కడుందో చేతికి తెలుస్తుంది.

ఇంకో మాట. రైడెన్‌లో దెబ్బ తగిలే భాగం పెద్దది, దాదాపు విమానమంతా. నువ్వు యూట్యూబ్‌లో చూశానన్న కేవ్ కంపెనీ దోదోన్‌పాచి 1997 నాటిది, అందులో తెర నిండా బుల్లెట్లు ఉన్నా దెబ్బ తగిలే చోటు మధ్యలో చిన్నదిగా ఉంటుంది, సందుల్లోంచి దూరిపోతారు. ఆ వీడియోలు చూసి రైడెన్‌లో రెండు బుల్లెట్ల మధ్య దూరాలని చూడకు. ఇక్కడ సందులు వెతకడం తప్పుదారి. బుల్లెట్ పుట్టకుండా చూసుకోవాలి.

పుట్టకుండా చూసుకోవడం అంటే ఎవరిని ముందు చంపాలో తెలియడం. రైడెన్ మైదానం తెర కంటే వెడల్పు, నువ్వు పక్కకు పోతే దృశ్యం కూడా కొంచెం జరుగుతుంది. కుడి చివర ఉన్నప్పుడు ఎడమ చివర ట్యాంకు నీకు కనపడకపోవచ్చు, కానీ అది నిన్ను కొట్టగలదు. అందుకే పక్కల ట్యాంకులు పై నుంచి తెరలోకి రాగానే ముందు వాటినే కొట్టు. మధ్యలో మెరిసే పెద్ద విమానం అందరి చూపూ లాగుతుంది, దానికి ఆగే ఓపిక ఉంటుంది, అది తర్వాత. ఏ ట్యాంకునూ నీ కిందికి, అంటే నీ వెనక్కి పోనివ్వకు. వెనక నుంచి వచ్చే బుల్లెట్ మీద చూపు పడదు. ఒకటి తప్పిపోయి కిందికి పోతే దాన్ని మర్చిపోకుండా, అది తెర దాటేదాకా నిలువుగా దాని మీదుగా ఉండకుండా పక్కకు ఉండు.

గన్ గురించి. ఎరుపు తీసుకుంటే వల్కన్, వెడల్పుగా చిమ్ముతుంది. నీలం తీసుకుంటే లేజర్, సన్నగా నిలువుగా పోయి గట్టిగా కొడుతుంది. ఏది గొప్ప అని ఆటగాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. మొదటి క్లియర్ కోసం మాత్రం ఎరుపే పట్టుకో అని నేను గట్టిగా చెప్తాను. విమానం నెమ్మది అన్నాను కదా, లేజర్‌తో ప్రతి ట్యాంకు ఎదురుగా నువ్వే పోయి నిలబడాలి, ఆ ప్రయాణంలోనే చస్తావు. వల్కన్ ఆ ప్రయాణం తగ్గిస్తుంది. పెద్ద వాటి మీద వల్కన్ బలహీనం అనిపిస్తే దగ్గరికి పో, చిమ్మేవన్నీ ఒకే దాని మీద పడతాయి. మిసైళ్లలో హెచ్ అక్షరమున్నవి శత్రువును వెతుక్కుంటూ పోతాయి, ఎం అక్షరమున్నవి నేరుగా పోయి బలంగా తగులుతాయి. బాస్‌లను, అంటే స్టేజ్ చివర వచ్చే పెద్ద శత్రువులను, త్వరగా కూల్చాలనుకునేవాళ్లు ఎం ఇష్టపడతారు. నీకు ఇప్పుడు హెచ్ మంచిది, నీ చూపు పోని చోట కూడా అది పని చేస్తుంది.

పవర్ గుర్తు గాల్లో తేలుతూ ఎరుపు, నీలం రంగులు మారుతూ ఉంటుంది. ఎరుపు రావాలని దాని పక్కన తిరుగుతూ ఎంతమంది చచ్చారో! దాని వెంట పడకు. ముందు తెర ఖాళీ చెయ్యి, తర్వాత అది నీ దారిలోకి వస్తే తీసుకో. రంగు కుదరకపోతే, దారి బాగుండకపోతే, వదిలెయ్యి. ఒక పవర్ పోతే నష్టం చిన్నది, లైఫ్ పోతే పవర్ అంతా పోతుంది.

బాంబు సంగతి నువ్వు అడగలేదు గానీ నీ అసలు సమస్య నాకు అక్కడే కనపడుతోంది. "బాంబులు ఉండగానే చచ్చిపోతున్నా" అని మధ్యలో ఒక వాక్యం రాశావు. రైడెన్ బాంబు నొక్కగానే కాపాడదు. అది ముందుకు పోయి, కొంచెం ఆగి పేలుతుంది. ఆ కొంచెం సేపు నీ విమానానికి ఏ రక్షణా లేదు. బుల్లెట్ ముక్కు మీదికి వచ్చాక నొక్కితే బాంబూ పోతుంది, లైఫూ పోతుంది. కాబట్టి ఈ ఆటలో బాంబు ప్రమాదం నుంచి తప్పించుకునే సాధనం అనుకోకు, ముందే రాసిపెట్టుకున్న చోట వేసే సాధనం అనుకో. ఒక నోట్‌బుక్ పెట్టు. ఒక్కో స్టేజ్‌కు ఒక పేజీ. వరసగా మూడు నాలుగు ఆటల్లో ఒకే చోట చస్తుంటే ఆ చోటు రాసుకో, ఆ చోటు రావడానికి ముందు బాంబు అని పక్కన రాసుకో. రేపటి నుంచి ఆ చోటుకు రాగానే ప్రమాదం ఉన్నా లేకున్నా బాంబు వెయ్యి. ఉత్త పుణ్యానికి వేశానని బాధ అనిపిస్తుంది, పడు. కొన్నాళ్లకు అక్కడ బాంబు లేకుండా దాటడం వస్తుంది, అప్పుడు ఆ బాంబును ఇంకో కష్టమైన చోటుకు మార్చుకో. దాచుకున్న బాంబులకు చచ్చాక విలువ లేదు, కొత్త లైఫ్‌తో కొత్త బాంబులు వస్తాయి.

ఇక చెక్‌పాయింట్, అంటే చచ్చాక ఆట మళ్లీ మొదలయ్యే చోటు. ఒక్కడివే ఆడుతున్నప్పుడు చచ్చాక వెనక్కి పంపడం పాత షూటింగ్ గేముల్లో మామూలే, టోఅప్లాన్ కంపెనీ 1988లో తెచ్చిన తత్సుజిన్‌లో కూడా అంతే, దాన్ని ట్రక్స్‌టన్ అని కూడా అంటారు. నిండు పవర్‌తో ఉన్నప్పుడు నాలుగో స్టేజ్ ఒక ఆట, ఖాళీ చేతులతో చెక్‌పాయింట్ నుంచి మొదలుపెట్టినప్పుడు అది పూర్తిగా వేరే ఆట. నువ్వు మొదటిది మాత్రమే నేర్చుకున్నావు, రెండోది ఒక్కసారి కూడా నేర్చుకోలేదు. అందుకే ఒక లైఫ్ పోతే వెంట మిగతావి కూడా పోతున్నాయి.

దీనికి మందు సేవ్ స్టేట్. ప్రతి చెక్‌పాయింట్ దగ్గర చచ్చి, కొత్త లైఫ్ మొదలైన క్షణంలో సేవ్ చెయ్యి. అక్కడి నుంచి స్టేజ్ చివరిదాకా బతకడం సాధన చెయ్యి. చూడాల్సినవి రెండే. ఆ ముక్కలో పవర్ ఇచ్చే మొదటి శత్రువు ఎవరు, వాడి దాకా బతకడానికి చేతిలోని బాంబులను ఎక్కడ వాడాలి. పవర్ ఇచ్చేవాళ్లు కూడా ప్రతిసారీ అదే చోట వస్తారు కాబట్టి ఒకసారి తెలిస్తే చాలు. ఈ సాధన బోరు కొడుతుంది, మొదట్లో ఆటలా ఉండదు. అయినా చెయ్యి. నాలుగో స్టేజ్‌లో చచ్చి మళ్లీ లేచి బాస్ దాకా పోగలనని నీకు తెలిసిన రోజు, మొదటి లైఫ్ మీద ఆడేటప్పుడు కూడా చేతిలో టెన్షన్ తగ్గుతుంది. ఆ తేడా నీ కళ్లకే కనపడుతుంది.

అదే కారణంతో ఇంకో అలవాటు మార్చుకో. మొదటి స్టేజ్‌లో చస్తే వెంటనే రీసెట్ కొడుతున్నానన్నావు. మానెయ్యి. పాడైన ఆటను చివరిదాకా లాగడమే నిన్ను గట్టిపరుస్తుంది. ఎప్పుడూ నిండు లైఫులతోనే ఆడేవాడికి చివరి లైఫ్ మీద ఎలా ఆడాలో తెలియదు, ఏడో స్టేజ్‌లో ఆ పరిస్థితి వచ్చినప్పుడు చేతులు వణుకుతాయి.

సేవ్ స్టేట్ మోసమా అన్నదానికి జవాబు ఇందులోనే వచ్చింది. సాధనకు ఎంతైనా వాడు. ఐదు నుంచి ఎనిమిది దాకా స్టేజీలను కూడా ఇప్పటి నుంచే రోజూ కొంచెం చూడు, నాలుగు దాటేదాకా ఆగకు. లేకపోతే ఒకరోజు కష్టపడి ఐదుకు పోతావు, అక్కడ అంతా కొత్త, రెండు నిమిషాల్లో ఖతం, మళ్లీ అక్కడికి రావడానికి వారం. కానీ క్లియర్ అని చెప్పుకునే ఆటలో మాత్రం కాయిన్ వేసినప్పటి నుంచి చివరి బాస్ దాకా సేవ్ స్టేట్ లేదు, వేగం తగ్గించడం లేదు, పాజ్ కూడా లేదు. డిప్ స్విచ్‌లు, అంటే కష్టం, లైఫుల సంఖ్య లాంటి సెట్టింగులు, మొదట ఎలా ఉన్నాయో అలాగే ఉంచు. పాజ్ మీద కొందరు పట్టుదల పెట్టరు. నేను పెడతాను. షాపులో మెషీన్‌కు పాజ్ ఉండేది కాదు, ఊపిరి తీసుకునే చోటు కూడా ఆటలోనే వెతుక్కోవాలి. స్టేజ్ అయ్యాక వచ్చే ఆ కొద్ది క్షణాల్లో చేతులు దులుపుకో, చాలు.

మామ్‌లో నీ ఆటను రికార్డ్ చేసుకునే వీలుంది, అది వీడియోలా కాకుండా నువ్వు నొక్కిన బటన్లనే దాచుకుంటుంది. ఆట అయ్యాక చచ్చిన క్షణం చూడకు, దానికి పది సెకన్ల ముందు నుంచి చూడు. తప్పు ఎప్పుడూ అక్కడే జరిగి ఉంటుంది. ఏ ట్యాంకును వదిలేశావో, ఏ పవర్ వెంట పడ్డావో అక్కడ తెలుస్తుంది.

సామాను గురించి ఎక్కువ చెప్పను. టీవీకి కలిపి ఆడుతుంటే గేమ్ మోడ్ పెట్టు. ఈ ఆట సెకనుకు దాదాపు 60 ఫ్రేములు నడుస్తుంది, టీవీ అయిదు ఫ్రేములు ఆలస్యం చేస్తే నువ్వు సెకనులో పన్నెండో వంతు వెనక ఆడుతున్నట్టు. చిన్నదే అనిపిస్తుంది, రైడెన్‌లో అది లైఫ్. బ్లూటూత్ వద్దు, వైరు ఉన్నదే వాడు. కీబోర్డ్‌తో క్లియర్ చేసినవాళ్లు ఉన్నారు, జాయ్‌స్టిక్ లేదని ఆగకు. స్టిక్ కావాలంటే కోఠిలో గుజరాతీ గల్లీలో, లేకపోతే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను దొరికే సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) అడిగి చూడు. మానిటర్‌ను నిలువుగా తిప్పి పెట్టగలిగితే తప్పకుండా పెట్టు. ఆట నిలువు తెర కోసం చేసింది, అడ్డ తెరలో మధ్యన సన్నని పట్టీగా ఆడితే బుల్లెట్లు చిన్నవిగా కనపడి కళ్లు త్వరగా అలసిపోతాయి. మొత్తం ఆటకు అరగంట అటూఇటూ పడుతుంది, ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర మధ్యాహ్నం కరెంటును నమ్ముకుని క్లియర్ ప్రయత్నం షురూ చేయకు, పొద్దున్నే ఆడు. మామ్ తలనొప్పి వద్దనుకునేవాళ్లకు రైడెన్ లెగసీ అని ఫోన్లకు, కంప్యూటర్లకు వచ్చిన అధికారిక సంకలనం ఉంది, అందులో మొదటి రైడెన్‌తో పాటు రైడెన్ ఫైటర్స్ ఆటలు మూడూ ఉన్నాయి. ఫోన్ తెర మీద వేలితో ఆడితే నేను పైన చెప్పిన లెక్కలు అక్కడ మారిపోతాయి, అది వేరే సాధన.

చివరి ప్రశ్న, క్లియర్ ఎక్కడ? ఒక్కో ఆటకు ఒక్కో లెక్క. క్యాప్‌కామ్ 1984లో తెచ్చిన 1942లో 32 స్టేజీలు ఉంటాయి, అవి అయిపోతే ఆట అయిపోయినట్టే. సైక్యో వాళ్ల స్ట్రైకర్స్ 1945లో ఎనిమిది స్టేజీలు, తర్వాత కష్టమైన రెండో రౌండు, ఆ ఆటలో మొదటి నాలుగు స్టేజీల వరస కూడా ప్రతిసారీ మారుతుంది. రైడెన్‌లో ఎనిమిదో స్టేజ్ బాస్ కూలాక ఆట మళ్లీ మొదటి స్టేజ్‌కు వస్తుంది, ఈసారి ఇంకా కఠినంగా, అలా తిరుగుతూనే ఉంటుంది. ఆటగాళ్ల మధ్య నడిచే లెక్క ప్రకారం ఒకే కాయిన్‌తో ఎనిమిదో స్టేజ్ బాస్‌ను కూల్చి మళ్లీ మొదటి స్టేజ్ కనపడితే నువ్వు క్లియర్ చేసినట్టే. ఆ తర్వాత వచ్చేదంతా స్కోరు కోసం. అప్పుడు స్టిక్ వదిలేసి లేవకు, మిగిలిన లైఫులతో రెండో రౌండు కొంచెం ఆడి చూడు. నీకు బాగా తెలిసిన మొదటి స్టేజ్‌లోనే నీ దారుల్లో ఏవి గట్టివో, ఏవి అదృష్టం మీద నడిచాయో అక్కడ బయటపడతాయి.

నాలుగో స్టేజ్ రికార్డింగ్ పెడతానన్నావు కదా, చెక్‌పాయింట్ దగ్గర చచ్చి లేచిన తర్వాతి ఆట కూడా అందులో ఉండేలా చూడు. ఏ వెర్షన్ మామ్‌లో ఆడావో తప్పక రాయి, అదే వెర్షన్ లేకపోతే నా దగ్గర ఆ రికార్డింగ్ సరిగా నడవదు.